పెద్ద పుస్తకాన్ని అటకెక్కించొద్దు చెల్లీ

ప్రశ్న: అక్కా, మాది కావలి దగ్గర సముద్రం వైపు ఊరు. మా ఆయన రొయ్యల గుంటలు చూసుకుంటారు, గట్టు మీదే ఇల్లు వేసుకుని ఉంటున్నాం. పాపకి ఏడేళ్లు. బడి దూరం, రోజూ తిప్పే వీలు లేక ఇంట్లోనే నేర్పుతున్నాను. గుణింతాలు వచ్చాయి, ఒత్తులు సగం వచ్చాయి. మొన్న వాళ్ల నాన్న నెల్లూరు నుంచి సముద్ర జీవుల మీద పెద్ద పుస్తకం తెచ్చారు. ఇక పాప అదే కావాలంటుంది, చిన్న కథల పుస్తకాలు ముట్టుకోదు. తీరా చదవమంటే ఒక పేజీకి అరగంట, రెండో పేరాకి ఏడుపు. నాకు విసుగొచ్చి అరుస్తున్నాను. మా అత్తమ్మ బళ్లో వెయ్యమంటోంది. ఆ పుస్తకం అటక మీద పెట్టేసి చిన్నవే చదివించనా, కష్టపడితేనే వస్తుందని దాంతోనే చదివించనా?

సమాధానం:

చెల్లీ, అటక మీద పెట్టొద్దు. అలాగని దాంతోనే చదవడం నేర్పాలనీ చూడొద్దు. ఆ పుస్తకం నువ్వు చదివి వినిపించు, మధ్యమధ్యలో పాప తన వంతు చదువుతుంది. అక్షరాలు కూడబలుక్కోవడం అలవాటయ్యే పని మాత్రం వేరే చిన్న పుస్తకంతో, వేరే వేళలో జరగాలి. మీ ఇంట్లో ఏడుపులూ అరుపులూ ఎందుకొస్తున్నాయంటే ఈ రెండు పనుల్నీ ఒకే పుస్తకంతో, ఒకే అరగంటలో చేయించబోతున్నావు గనక.

ఏడేళ్ల పిల్లకి చెవి చాలా ముందుంటుంది, కన్ను చాలా వెనకుంటుంది. నువ్వు చెప్తే రామాయణం మొత్తం అర్థం చేసుకోగలదు, అదే పిల్ల 'విశ్వామిత్రుడు' అన్న ఒక్క పేరు కాగితం మీద చూస్తే ఆగిపోతుంది. ఇందులో తెలివి తక్కువేం లేదు. 1986లో గఫ్, టన్మర్ అని ఇద్దరు పరిశోధకులు చదువుకి ఒక లెక్క చెప్పారు. చదివింది అర్థం కావడమంటే అక్షరాన్ని మాటగా పలకగలగడాన్ని, ఆ మాట వింటే అర్థం చేసుకోగలగడంతో గుణించడమే అన్నారు. కూడిక కాదు, గుణకారం. రెంటిలో ఏది సున్నా అయినా మొత్తం సున్నాయే. చిన్న పుస్తకం మొదటిదాన్ని పెంచుతుంది, పెద్ద పుస్తకం నీ గొంతుతో రెండోదాన్ని పెంచుతుంది. పెద్ద పుస్తకం తీసేస్తే పిల్లకి కొత్త మాటలు వినిపించేవాళ్లు ఉండరు, చిన్న పుస్తకం లేకపోతే కన్ను నడవడం నేర్చుకోదు.

మా పెద్దాడి విషయంలో నేనూ నీలాగే చేశాను. సింగరాయకొండ దగ్గర ఉన్న రోజుల్లో ఇద్దరు పిల్లలకీ ఇంట్లోనే చదువు చెప్పాను. వాడికి ఆరున్నరేళ్లప్పుడు చుట్టాలొస్తే వాళ్ల ముందు గట్టి పుస్తకం ఒకటి ఇచ్చి చదవమన్నాను, ఇంట్లో చదివించినా ఏం తక్కువ కాలేదని చూపించుకోవాలని. మూడో లైన్లో ఆగాడు, నేను గదిమాను, అందరూ చూస్తున్నారు. ఆ తర్వాత దాదాపు ఎనిమిది నెలలు పుస్తకం తీస్తే వాడికి కడుపునొప్పి వచ్చేది. ఆ నొప్పి నిజమే, నటన కాదు. మళ్లీ వాణ్ణి పుస్తకం దగ్గరికి రప్పించింది నేనేమీ చదవమనకుండా రాత్రిళ్లు పక్కన పడుకోబెట్టుకుని చదివి వినిపించడమే. అందుకే నీ ఉత్తరంలో 'అరుస్తున్నాను' అన్న మాట దగ్గర ఆగిపోయాను. పిల్లకి ఒత్తులు రావడం ఆర్నెల్లు ఆలస్యమైనా నష్టం లేదు. నీ పక్కన పుస్తకం పట్టుకుని కూర్చోవడమంటే భయం పట్టుకుంటే మాత్రం అది పోవడానికి చాలా కాలం పడుతుంది.

ఇప్పుడు రాత్రి ఎలా చదవాలో చెప్తాను. గుంటల నీళ్లకి గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతుంటే గట్టు మీద మోత ఉంటుంది కదా, లోపలి గదిలో కూర్చోండి. లైటు పుస్తకం మీద పడాలి, మీ నీడ పడకూడదు. పావుగంట చాలు. ముందు ఆ పేజీలో బొమ్మలు చూసి మాట్లాడుకోండి. తర్వాత ఆ పేజీలోంచి మూడే మూడు గట్టి మాటలు నువ్వు ముందే ఏరి పలక మీద రాసి పెట్టుకో. సముద్రపు తాబేలు పేజీ అనుకుందాం, 'సరీసృపం' అనే మాట తప్పకుండా ఉంటుంది. దాన్ని స, రీ, సృ, పం అని నాలుగు ముక్కలుగా రాసి, సృ దగ్గర కింద ఉన్నది వట్రసుడి అని చూపించి, ఇద్దరూ రెండుసార్లు పలకండి. సరీసృపం అంటే పాకేది అని చెప్పు. సర్పం కూడా ఆ పాకడంలోంచి వచ్చిన మాటే. పాము, బల్లి, మొసలి, తాబేలు, అన్నీ ఆ కులమే అంటే ఇక ఆ మాట పాపకి రాయిలా అడ్డం పడదు, పాత చుట్టంలా ఎదురొస్తుంది.

తర్వాత నువ్వు చదువు. మాటల కింద వేలు జరుపుతూ, మామూలుగా మాట్లాడే వేగం కంటే కాస్త నెమ్మదిగా. పేరాకి ఒక వాక్యం పాపది. ఏ వాక్యం తనకివ్వాలో నువ్వు ముందే చూసి పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టుకో, పొట్టిగా ఉండి, ఒకటో రెండో ఒత్తులున్నది ఎంచుకో. పాప చదివాక మెచ్చుకోలు ప్రసంగాలేం వద్దు, వెంటనే నీ వంతు అందుకో, కథ ఆగకూడదు. ఒక్కోసారి నువ్వు చదివిన వాక్యాన్నే మళ్లీ తను చదువుతానంటుంది. చదవనీ. విన్నది గుర్తుపెట్టుకుని చెప్పేస్తోంది, చదవట్లేదు అని అనుమానపడకు. వేలు మాటల కింద సరిగ్గా జరుగుతోందా లేదా అని మాత్రం చూడు. నోటికొచ్చిన మాటని కాగితం మీద వెతుక్కోవడం కూడా చదువే. మన పెద్దవాళ్లు వేమన పద్యాలు ముందు నోటికి నేర్పి తర్వాత అచ్చులో చూపించింది అందుకే అని నా నమ్మకం.

ఆగిపోయినప్పుడు ఏం చెయ్యాలన్నది అసలు సంగతి. మనసులో ఐదు లెక్కపెట్టు, నోరు తెరవకు. మనం తొందరపడి అందించేస్తాం, దాంతో పిల్ల పుస్తకం వైపు చూడ్డం మానేసి మన ముఖం వైపు చూస్తుంది. ఐదు అయ్యాక కూడా రాకపోతే ఆ మాటని వేలితో కప్పేసి ఒక్కో అక్షరం బయటపెడుతూ పో. బొమ్మ చూసి ఊహించమనీ, మొదటి అక్షరం చూసి ఏదో ఒకటి అనమనీ చెప్పొద్దు, ఆ అలవాటు పడితే పెద్దయ్యాక బొమ్మల్లేని పుస్తకంలో తేలిపోతారు. అప్పటికీ రాకపోతే ఆ మాట నువ్వే చెప్పెయ్యి, వాక్యం మొదటినుంచి మళ్లీ చదవమను, ముందుకెళ్లు. ప్రతి మాటనీ పాఠం చెయ్యకు. పెద్ద పుస్తకం దగ్గర రాత్రికి రెండు మాటలు అలా విప్పితే చాలు.

'ఒత్తులు సగం వచ్చాయి' అన్నావు. ఏ సగం వచ్చిందో చూశావా? గ్గ, చ్చ, జ్జ, డ్డ, ద్ద, ప్ప, బ్బ లాంటివి పిల్లలకి తొందరగా వస్తాయి, ఎందుకంటే తలకట్టు ఉంటే అది తీసేసి అదే అక్షరాన్ని కింద రాసినట్టు ఉంటాయి. ముఖ్యంగా చిక్కు వచ్చేది త, న, మ, య, ర, ల దగ్గర. వీటి ఒత్తులకీ అసలు అక్షరాలకీ పోలికే కనపడదు, కాబట్టి వాటిని కొత్త గుర్తుల్లాగే నేర్పాలి. ఇందుకు ఇంట్లో మాటలే చాలు: అత్త, అన్న, అమ్మ, అయ్య, పిల్ల, రాత్రి. ఆరు మాటల్లో ఆరు ఒత్తులూ వచ్చేశాయి చూడు. ఈ ఆరూ అట్ట ముక్కల మీద పెద్దగా రాసి తలుపు వెనక అతికించు.

ఇంకో చిక్కుంది, దీన్ని చాలామంది అమ్మలు గమనించరు. 'శక్తి' అని రాసి పాపని చదవమను. 'శకిత' అని చదివితే కంగారు పడకు, తిట్టకు, ఆ పిల్ల చూసింది చూసినట్టు చదివింది. గుడి క మీద ఉంది, త కింద ఉంది, మరి పైనున్నది ముందు పలికి, కిందున్నది తర్వాత పలికింది. పలకడంలో ఆ గుడి త తర్వాత వస్తుందని ఎవరూ చెప్పకపోతే పిల్లకెలా తెలుస్తుంది? 'వస్తువు'ని 'వసుతవు' అనడం కూడా ఇదే. 'రాత్రి'లో అయితే క్రావడి, అదే ర ఒత్తు, ఎడమ పక్కనుంచి చుట్టుకుని వస్తుంది గనక కంటికి ముందు అదే పడుతుంది. పలక మీద మూడు రంగుల సుద్దలతో రాసి చూపించు, పై అక్షరం తెలుపు, ఒత్తు పసుపు, గుడి ఎరుపు. పలికేటప్పుడు తెలుపు, పసుపు, ఎరుపు, ఆ వరసలో వేలు పెట్టించు. పగటి పూట పది నిమిషాలు, ఓ రెండు వారాలు ఇదొక్కటే చెయ్యి, ఇంకేం కలపకు. ఆ పెద్ద పుస్తకంలో పాప ఏడ్చిన చోట్లు మళ్లీ ఒకసారి తిరగేసి చూసుకో, చాలా వరకు ఇలాంటి మాటలే ఉంటాయని నాకనిపిస్తోంది.

ఒత్తులు దాటాక పొడుగు మాటలు. మన తెలుగులో మాటలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి కదా, 'వెళ్లిపోవాలనుకుంటోందని' అన్నది చూస్తే పెద్దవాళ్లకే ఊపిరి తీసుకోవాలనిపిస్తుంది. పెన్సిల్‌తో సన్నటి గీతలు పెట్టు: వెళ్లి, పోవాల, నుకుంటోం, దని. ఇలా పెడితే పలకడం వస్తుంది గానీ అర్థం రాదు. అందుకని పక్కనే విడదీసి కూడా చెప్పు, వెళ్లిపోవాలి, అనుకుంటోంది, అని. పుస్తకం పాడవుతుందని బాధపడకు, గీతలు తర్వాత రబ్బరుతో తుడిచెయ్యొచ్చు.

పుస్తకాల తెలుగు వేరు, మన వైపు ఇళ్లలో మాట వేరు, ఇది కూడా మనసులో పెట్టుకో. మన పిల్లలు 'యాడుంది', 'వస్తుండాడు', 'చేస్తుండా' అంటూ పెరుగుతారు. పుస్తకంలో 'ఎక్కడ ఉంది', 'వస్తున్నాడు' అని ఉంటుంది. పాప 'వస్తున్నాడు' అని అచ్చులో ఉన్నదాన్ని 'వస్తుండాడు' అని చదివిందనుకో, అది తప్పు చదవడం కాదు, అర్థం చేసుకుని తన మాటలోకి మార్చుకుంది. 'పుస్తకంలో ఎట్లా రాశారో చూడమ్మా' అని వేలు పెట్టి చూపించు, అంతే. మన మాట మోటు, పుస్తకం మాటే సరైనది అని మాత్రం అనకు. తిక్కన గారు కూర్చుని భారతం రాసిన నెల్లూరు మనది, ఈ నేల మీది మాటకి సిగ్గుపడాల్సిన పనేముంది?

ఇక చిన్న పుస్తకాలు ముట్టుకోవట్లేదన్నావు. ముట్టుకోదు మరి, తాబేళ్ల గురించి తెలుసుకోవాలని ఉన్న పిల్లకి కుందేలు క్యారెట్ తిన్న కథ ఇస్తే ఎందుకు చదువుతుంది? పాపకి ఇష్టమైన సంగతితోనే చిన్న పుస్తకం నువ్వే తయారు చెయ్యి. రాత్రి చదివిన పేజీ గురించి పొద్దున పాపని చెప్పమని, తను చెప్పింది చెప్పినట్టు, తన మాటల్లోనే, ఒక నోటు పుస్తకంలో పెద్ద అక్షరాలతో పేజీకి రెండు మూడు లైన్లు రాయి. ఉదాహరణకి ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరంలో కూడా గుడ్లు పెడతాయి, ఎక్కువగా జనవరి నుంచి మార్చి మధ్య. ఒక్కో గూట్లో సుమారు వంద గుడ్లుంటాయి, పిల్లలు బయటికి రావడానికి దాదాపు నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది, ఇసుక వేడిని బట్టి పుట్టేది ఆడో మగో తేలుతుంది, వేడి ఎక్కువైతే ఆడవి ఎక్కువ. ఏడేళ్ల పిల్లకి ఈ ఆఖరి సంగతి తెలిస్తే ఊరుకుంటుందా, వచ్చిన వాళ్లందరికీ చెప్తుంది. అదే రాసిపెట్టు: 'ఇసుక వేడిగా ఉంటే ఆడ తాబేళ్లు పుడతాయి.' తను చెప్పిన వాక్యం కాబట్టి చదవగలదు, తను చెప్పిన వాక్యం కాబట్టే చదవాలనుకుంటుంది. బొమ్మలు తననే వెయ్యమను. నెల తిరిగేసరికి ఇరవై పేజీల పుస్తకం అవుతుంది, దాన్ని ఎన్నిసార్లయినా మళ్లీ మళ్లీ చదువుతుంది. మళ్లీ చదవడం దండగ అనుకోకు, ఆగకుండా చదవడం వచ్చేది అలాగే.

ఫోను ఉంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో తెలుగు కథలు డబ్బులు కట్టకుండానే దొరుకుతాయి. నాలుగు స్థాయిలుగా విడదీసి ఉంటాయి, మొదటి రెండింట్లో జంతువుల మీద, నీళ్ల మీద ఉన్నవి వెతుకు. వీలైతే కావలిలో ప్రింటు తీయించి కుట్టు, ఫోనులో అయితే కథ సగంలో ఇంకేదో తెరుచుకుంటుంది. మేత బస్తాల మీద అక్షరాలు, వాళ్ల నాన్న గోడ మీద రాసుకున్న కౌంట్ లెక్కలు, కిరాణా చీటీ, ఇవన్నీ కూడా చదివించు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అది అన్ని కౌంట్ అని ఆ పిల్లకి నీకంటే బాగా తెలిసుంటుంది, ఆ లెక్క చీటీ చదివి వినిపించే పని తనకి అప్పజెప్పు.

ఏదైనా కొత్త పుస్తకం పాపకివ్వాలా, నువ్వు చదవాలా అని సందేహం వస్తే ఒక పేజీ చదివించి, ఆగిన మాటకల్లా ఒక వేలు ముడువు. ఒకటి రెండు వేళ్లయితే పాప సొంతంగా చదువుకోవచ్చు, మూడు నాలుగయితే నువ్వు పక్కన ఉండాలి, ఐదు వేళ్లూ ముడిస్తే ఆ పుస్తకం నీ గొంతుకి. పేజీలో మాటలు బాగా తక్కువగా ఉంటే ఈ లెక్క కుదరదు, అప్పుడు పాప ముఖం చూసి తెలుసుకోవాలి. ఈ పుస్తకం అయిపోయాక మీ ఇళ్లలో ఎవరి దగ్గరైనా పాత చందమామలు బైండు చేసి ఉంటే అడుగు. 1947లో మొదలైన పత్రిక, భాష హాయిగా చెవికెక్కుతుంది. సన్న అక్షరాలు, పేజీకి రెండు వరసలు, కాబట్టి ఇప్పుడే పాప కంటికి కాదు, రాత్రిపూట వినడానికి.

కంటి సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. పుస్తకం ముఖానికి బాగా దగ్గరగా పెట్టుకుంటోందా, లైను తప్పిపోతోందా, చదివితే తలనొప్పి అంటోందా చూడు. అలా ఉంటే ముందు కళ్ల డాక్టరుకి చూపించు, ఇవన్నీ తర్వాత. చెవి సరిగ్గా వినపడుతోందో లేదో కూడా చూపించుకో. ఈ చెప్పినవన్నీ ఓ ఏడాది తీరిగ్గా చేసినా, మాటకారి పిల్ల అయ్యుండీ అక్షరాల్ని కలపలేక అవస్థ పడుతుంటే పిల్లల డాక్టర్ని కలిసి డిస్లెక్సియా, అంటే తెలివి ఉండీ చదవడంలో వచ్చే ఇబ్బంది, ఉందేమో అడుగు. అదొక తీరు, పిల్ల తప్పు కాదు, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో అలాంటి అభ్యాస ఇబ్బందుల్ని కూడా చేర్చారు. నీ ఉత్తరం చూస్తే నాకు అలా అనిపించలేదు, సగం ఒత్తులొచ్చిన ఏడేళ్ల పిల్ల ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది.

మీ అత్తమ్మ గారి మీద కోపం తెచ్చుకోకు. ఆవిడ భయం రేపు పదో తరగతి సర్టిఫికెట్ ఎలా వస్తుందని. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అదే ఎన్‌ఐఓఎస్, చిన్న పిల్లలకి మూడు, ఐదు, ఎనిమిది తరగతులకి సమానమైన స్థాయిలు నడుపుతుంది, పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతి పరీక్ష దాన్నుంచే రాయొచ్చు. ఆ సంగతి ఆవిడకి చెప్పు. దగ్గర్లో మంచి బడి కుదిరి, పాపకి తోటి పిల్లలు కావాలనిపిస్తే వేసెయ్యి, అందులో నువ్వు ఓడిపోయిందేం లేదు, రాత్రి పావుగంట చదవడం ఎలాగూ ఉంటుంది. పైగా అత్తమ్మ గారిని కూడా ఆ పావుగంటకి పిలువు. పాప కొత్త మాట ఒకటి నేర్చుకున్నప్పుడల్లా నాయనమ్మకి అర్థం చెప్పాలి అని పెట్టు.

ఈ రాత్రికి మొదలుపెట్టు. పాపతో ముందే చెప్పు, 'ఇవాళ్టి నుంచి ఇది నేను చదువుతాను, చుక్క పెట్టిన లైన్లు నీవి' అని. అప్పటికీ తనే మొత్తం చదువుతానని మొండికేస్తే ఒక పేరా చదవనీ, అలసిపోయిన చోట మాట్లాడకుండా నువ్వు అందుకో. విసుగొచ్చినట్టనిపిస్తే అరిచే ముందే పుస్తకం మూసి, లేచి వెళ్లి ఇద్దరూ గట్టు మీద ఒక చుట్టు తిరిగి రండి. నెల రోజులయ్యాక మళ్లీ రాయి, 'శక్తి'ని పాప ఎలా చదువుతోందో, తాబేళ్ల నోటు పుస్తకం ఎన్ని పేజీలయిందో చెప్పు.